నీది ఏ ఒడ్డు బాబూ?

విశాఖపట్నంలో రైలెక్కి, కిటికీ పక్కన సర్దుకుని, వేరుసెనగకాయల పొట్లం సగం ఖాళీ చేసేలోగా అనకాపల్లి వచ్చేస్తుంది. దూరం ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మామూలు రోజుల సంగతి ఎలా ఉన్నా ఈ ఊరిని సంక్రాంతి రోజుల్లోనే చూడాలి. అది చెరకు నరికే కాలం. చుట్టుపక్కల పల్లెల్లో పెనాల మీద చెరకురసం కుతకుతలాడుతుంటుంది. ఆటో బెల్లం మార్కెట్ వైపు తిరిగిందంటే చాలు, గాలే తియ్యగా మారిపోతుంది. వీధుల్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, పిల్లల మెడల్లో భోగి పిడకల దండలు... అనకాపల్లికి ఏడాదంతా ఒక ఎత్తు, ఈ పదిరోజులూ ఒక ఎత్తు.

ఈసారి సంక్రాంతికి మా ఇంట్లో ఓ ముఖ్య అతిథి ఉన్నాడు. మా చెల్లెలి కొడుకు. పదిహేనేళ్లవాడు. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోని న్యూజెర్సీలో. బడికి సెలవు పెట్టించి మరీ పండగకు తీసుకొచ్చింది మా చెల్లెలు. రెండు పెద్ద పెట్టెలతో పాటు వాడు తెచ్చుకున్నది ఒక ఫుట్‌బాల్. మా అమ్మ వాణ్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే వాడు ఆవిడ కాళ్లకు దండం పెట్టి, లేచి, వెంటనే అడిగిన మాట: "మావయ్యా, ఇక్కడ ఆడుకోవడానికి గ్రౌండ్ ఎక్కడుంది?"

గ్రౌండ్ ఉంది. మా వీధి చివర, శారదా నది వైపు వెళ్లే దారిలో ఓ ఖాళీస్థలం. గోల్‌పోస్టులు ఉండవు. రెండేసి ఇటుకలు పెడితే అదే గోల్. సాయంత్రమైతే ఓ ఇరవైమంది పిల్లలు చేరతారు. సగంమంది ఒంటిమీద మెస్సీ చొక్కా, మిగతా సగంమంది ఒంటిమీద రొనాల్డో చొక్కా. జట్లు మాత్రం మెస్సీ, రొనాల్డోల లెక్కన పంచుకోరు. ఏరే సరిహద్దు. ఏటికి ఇవతలివాళ్లు ఒక జట్టు, వంతెన దాటి సైకిళ్ల మీద వచ్చే ఏటవతలివాళ్లు ఇంకో జట్టు. ఎప్పటినుంచో అదే పద్ధతట!

మావాడు బంతితో వెళ్లి నిలబడగానే తగాదా మొదలైంది.

"ఆళ్ల అమ్మమ్మోరిల్లు ఇటే కదేటి, ఆడు మావోడు" అన్నాడు ఇవతలి గుంటడు.

"అమ్మమ్మోరిల్లు లెక్కేటి? ఆళ్ల నాన్నది ఏటవతల ఊరు. నాన్న ఊరే లెక్క. ఆడు మావోడే" అన్నాడు అవతలి జట్టు కెప్టెన్.

"ఎహె, ఆడు అమెరికావోడు. ఎవులికీ కాడు. ఎంపైరుగా పెట్టీండి!" మూడోవాడి తీర్పు.

మావాడికి ఆ యాస సగమే అర్థమైంది. కానీ విషయం పూర్తిగా అర్థమైంది. ఇంటికొస్తూ దారిలో వాడన్న మాట నన్ను ఆశ్చర్యపరిచింది. "మావయ్యా, మా కోచ్ వాళ్ల ఊళ్లో కూడా సరిగ్గా ఇలాగే అవుతుందట. వాళ్లకీ ఊరి మధ్యలో ఓ నది ఉంది."

ఆ నది పేరు ఫోయిల్... ఆ ఊరి పేరు డెర్రీ.

ఒక ఊరు, రెండు పేర్లు

వాడి కోచ్‌ది ఐర్లాండ్. సరిగ్గా చెప్పాలంటే ఉత్తర ఐర్లాండ్. అక్కడి డెర్రీ పట్టణాన్ని ఫోయిల్ నది రెండుగా చీలుస్తుంది. పడమటి ఒడ్డున ఎక్కువమంది క్యాథలిక్కులు. తూర్పు ఒడ్డున ప్రొటెస్టెంట్లు ఎక్కువ. ఊరి పేరు దగ్గరే తగువు. ఒకవర్గం 'డెర్రీ' అంటే ఇంకో వర్గం 'లండన్‌డెర్రీ' అంటుంది. ఏ పేరు పలికారో వింటే చాలు, మీరు ఏ వైపో తెలిసిపోతుంది!

కథ 1921 దగ్గర మొదలవుతుంది. అప్పటిదాకా బ్రిటిష్ పాలనలో ఒక్కటిగా ఉన్న ఐర్లాండ్ దీవి ఆ ఏడాది రెండు ముక్కలైంది. దక్షిణాన ఉన్న పెద్ద భాగం స్వతంత్రం వైపు నడిచింది. ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తోనే ఉండిపోయాయి. ఆ ఆరు కౌంటీల్లో అప్పట్లో ప్రొటెస్టెంట్లు ఎక్కువ, వారిలో చాలామంది తాము బ్రిటిష్‌వాళ్లమనుకుంటారు. అక్కడే ఉన్న క్యాథలిక్కుల్లో చాలామంది తాము ఐరిష్‌వాళ్లమే అనుకుంటారు. 1960ల చివర్లో మొదలై ముప్ఫై ఏళ్లపాటు సాగిన హింసలో దాదాపు మూడున్నర వేలమంది చనిపోయారు.

దేశంతో పాటే ఫుట్‌బాల్ కూడా చీలింది. 1880 నుంచి బెల్‌ఫాస్ట్ కేంద్రంగా ఒకే సంఘం ఉండేది. 1921లో డబ్లిన్‌లో రెండో సంఘం పుట్టింది. తమాషా ఏమిటంటే ఆ తరువాత దాదాపు ముప్ఫై ఏళ్లపాటు రెండు సంఘాలూ 'ఐర్లాండ్' పేరుతోనే జట్లను దించాయి. దీవిలో ఎక్కడ పుట్టినవాణ్నయినా రెండూ పిలిచేవి! మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ జానీ కేరీ సంగతే చూడండి. 1946 సెప్టెంబరు 28న బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్ మీద ఒక ఐర్లాండ్ తరఫున ఆడాడు. 7-2తో చిత్తయ్యారు. సరిగ్గా రెండురోజుల తరువాత, సెప్టెంబరు 30న, డబ్లిన్‌లో అదే ఇంగ్లండ్ మీద ఇంకో ఐర్లాండ్ తరఫున ఆడాడు. ఈసారి 1-0తో ఓడారు. మూడురోజుల్లో రెండు దేశాల తరఫున ఆడినవాడు ప్రపంచంలో ఇంకెందరుంటారు!

1950 ప్రపంచకప్ అర్హత పోటీల్లో కొందరు ఆటగాళ్లు రెండు జట్లకూ ఆడేసరికి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య 'ఫిఫా' కళ్లు తెరిచింది. ఎవరి హద్దుల్లో వాళ్లు ఉండాలని చెప్పింది. అప్పటినుంచి ఉత్తరాదివాళ్లు ఉత్తర ఐర్లాండ్‌కి, దక్షిణాదివాళ్లు ఐర్లాండ్ రిపబ్లిక్‌కి. సమస్య తీరినట్టే కనిపించింది. కానీ ఆటగాడి మనసు ఏ వైపు ఉందో హద్దురాళ్లకు ఎలా తెలుస్తుంది?

చావు బెదిరింపు... ఒక తీర్పు

నీల్ లెనన్ ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టిన క్యాథలిక్. స్కాట్లండ్‌లో క్యాథలిక్కుల అభిమాన క్లబ్ సెల్టిక్‌కి ఆడేవాడు. సొంత దేశం తరఫున మైదానంలోకి దిగితే సొంత ప్రేక్షకుల్లోనే కొందరు గేలిచేసేవారు. 2002 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో సైప్రస్‌తో మ్యాచ్. ఆరోజు అతనే కెప్టెన్. ఆటకు ముందు, దిగితే చంపేస్తామని బెదిరింపు వచ్చింది. లెనన్ దిగలేదు. ఆ తరువాత మళ్లీ ఎన్నడూ ఉత్తర ఐర్లాండ్‌కి ఆడలేదు. కెప్టెన్‌గా నిలబడాల్సిన రోజే అతని అంతర్జాతీయ ఆట ముగిసింది.

అంతకు నాలుగేళ్ల ముందే, 1998లో, రెండు వర్గాల మధ్యా శాంతి ఒప్పందం కుదిరింది. అందులో ఒక మాట ఉంది... ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లు తమను ఐరిష్‌గానో, బ్రిటిష్‌గానో, రెండూగానో చెప్పుకోవచ్చని. ఆ ఎంపిక వాళ్ల హక్కు అని. రాజకీయం కోసం రాసిన ఆ మాట మెల్లగా ఫుట్‌బాల్ మైదానంలోకీ వచ్చింది. డెర్రీ కుర్రాడు డారన్ గిబ్సన్ రిపబ్లిక్ జట్టును ఎంచుకున్నాడు. ఆ దారిన ఇంకొందరు. ఉత్తర ఐర్లాండ్ సంఘం కోర్టుకెక్కింది. డేనియల్ కెర్న్స్ అనే యువ ఆటగాడి కేసులో 2010లో స్విట్జర్లాండ్‌లోని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పుట్టుకతోనే ఐరిష్ పౌరసత్వం ఉన్నవాడు రిపబ్లిక్‌కి ఆడొచ్చు, తాతలు దక్షిణాదివాళ్లని నిరూపించుకోనక్కర్లేదు అని.

ఇందులో రెండో పక్షం గోడూ వినాలి. ఉత్తర ఐర్లాండ్ చిన్న దేశం. జనాభా ఇరవై లక్షలు కూడా లేదు. పదేళ్ల వయసు నుంచి తాము డబ్బు పోసి, కోచ్‌లను పెట్టి తీర్చిదిద్దిన కుర్రాడు పద్దెనిమిదేళ్లకు అవతలి జట్టు చొక్కా వేసుకుంటే ఎలా ఉంటుంది? డెర్రీకే చెందిన జేమ్స్ మెక్లీన్ జూనియర్ స్థాయిలో ఉత్తర ఐర్లాండ్‌కి ఆడినవాడే. 2012లో రిపబ్లిక్ తరఫున బరిలోకి దిగాడు. ఒక ఒడ్డున చప్పట్లు, ఇంకో ఒడ్డున తిట్లు.

ఇక డెర్రీ ఊరి క్లబ్ కథ మరీ విచిత్రం. గొడవల వల్ల సొంత మైదానంలో ఆడనివ్వకపోవడంతో డెర్రీ సిటీ క్లబ్ 1972లో ఉత్తర ఐర్లాండ్ లీగ్ నుంచి బయటికొచ్చేసింది. 1985లో సరిహద్దు అవతలి దేశపు లీగ్‌లో చేరింది. ఇప్పటికీ అక్కడే ఆడుతోంది. ఊరు ఒక దేశంలో, ఊరి జట్టు ఇంకో దేశపు లీగ్‌లో!

ఇల్లు కదల్లేదు, గీతలు కదిలాయి

రాత్రి భోజనాల దగ్గర మావాడు ఈ కథంతా చెబుతుంటే మా అమ్మ అరిటాకులో పప్పు వడ్డిస్తూ వింది. విని, "ఇందులో వింతేముందిరా?" అంది.

నిజమే, ఆవిడకి వింతేముంటుంది? అమ్మ 1945లో ఇదే ఇంట్లో పుట్టింది. అప్పుడిది మద్రాసు ప్రెసిడెన్సీ. ఎనిమిదేళ్లప్పుడు ఆంధ్ర రాష్ట్రం. పదకొండేళ్లప్పుడు ఆంధ్రప్రదేశ్. 2014లో ఆ రాష్ట్రమూ రెండైంది. మొన్న 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది. అన్నేళ్లూ 'విశాఖ జిల్లా, అనకాపల్లి' అని రాసుకున్న చిరునామాలో ఇప్పుడు ఊరి పేరే జిల్లా పేరు. ఆవిడ గడప దాటి కాపురం మార్చింది లేదు. గీతలే వచ్చి ఆవిడ ఇంటి చుట్టూ తిరిగాయి. డెర్రీలో ఓ ముసలావిడ కథా ఇంతే కదా!

ఆటల లెక్కలోనూ మనకి ఐర్లాండ్ కథ కొత్తకాదు. కాకపోతే తిరగేసి చదవాలి. ఐర్లాండ్‌లో దేశాలు రెండైనా రగ్బీ జట్టు ఒక్కటే. ఉత్తరాదివాళ్లూ దక్షిణాదివాళ్లూ కలిసే ఆడతారు. మన దగ్గర రాష్ట్రం ఒక్కటిగా ఉన్న యాభై ఎనిమిదేళ్లూ రంజీ క్రికెట్‌లో జట్లు రెండు... ఆంధ్ర, హైదరాబాద్. అనకాపల్లి కుర్రాడు ఎంత బాగా ఆడినా ఆంధ్ర జట్టుకే. ముఖ్యమంత్రి ఒకరే, అసెంబ్లీ ఒకటే, క్రికెట్ జట్లు మాత్రం రెండు!

ఫుట్‌బాల్ ఇంకోదారిన నడిచింది. జాతీయ టోర్నీ సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ గెలిచింది. అప్పటికే ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా జట్టు పేరు హైదరాబాదే. ఆ రోజుల్లో భారత జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు నాలుగో స్థానంలో నిలిచారు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. 1965-66లో సంతోష్ ట్రోఫీ మళ్లీ మనవాళ్లకే వచ్చింది. ఈసారి కప్పు మీద పేరు 'ఆంధ్రప్రదేశ్'.

లోకల్, నాన్‌లోకల్ అన్న మాటలు తెలియని తెలుగు ఇల్లుంటుందా? నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివావన్న సర్టిఫికెట్ కోసం పాత బడుల చుట్టూ తిరిగిన కుటుంబాలెన్నో! మన భాషలో చెప్పాలంటే లెనన్, మెక్లీన్‌ల తగువు కూడా లోకల్, నాన్‌లోకల్ తగువే.

అసలు ప్రశ్న

భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నాం. దూరంగా విశాఖ వైపు వెళ్లే రైలు కూత. మావాడు చాలాసేపు ఊరుకుని, చివరికి బయటపెట్టాడు. "మావయ్యా... నేను ఇండియాకి ఆడొచ్చా?"

అప్పుడు అర్థమైంది, వాడు ఐర్లాండ్ కథలన్నీ ఎందుకు చదివాడో.

వాడికి నీలం చొక్కా మీద మోజు. అక్కడ బడి జట్టులో మంచి మిడ్‌ఫీల్డర్. అమెరికా జాతీయ జట్టంటే వాడికి తెలుసు, లక్షలమందిలో ఒకడు కావాలి. ఇండియాకైతే తన అవసరం ఉంటుందేమోనని ఆశ. అంతకన్నా, తన మేని రంగువాళ్లతో కలిసి నిలబడి జనగణమన పాడాలని... ఈ చివరిమాట వాడు చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పింది.

జవాబు చెప్పక తప్పలేదు. ఆడలేవురా నాన్నా. ఇప్పటి నీ కాగితాలతో ఆడలేవు.

వాడి దగ్గర ఓసీఐ కార్డు ఉంది. విదేశాల్లో స్థిరపడ్డ భారతీయులకు ఇచ్చే ఆ కార్డుల్ని 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలుపెట్టారు. వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. కానీ అది పౌరసత్వం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని 2008లో కేంద్ర ప్రభుత్వం తేల్చిచెప్పింది. ఫిఫా కూడా మొదట అడిగేది పౌరసత్వమే. మన చట్టంలో రెండు పౌరసత్వాలకు చోటు లేదు. అంటే నీలం చొక్కా కావాలంటే వాడు ముందు ఇక్కడికొచ్చి ఉండాలి, పుట్టిన దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి.

అలా వదులుకున్నవాళ్లూ లేకపోలేదు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి తండ్రి భారతీయుడు. జపాన్ పౌరసత్వం వదులుకుని 2012లో భారతీయుడై, మరుసటి ఏడాది మన జట్టుకు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ తల్లి ముంబయిలో పుట్టినావిడ. ఆయన 2025లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో పుట్టిన మైకేల్ చోప్రా మాత్రం భారత్‌కి ఆడాలని ఉందని చెప్పి కూడా ఆ గడప దాటలేకపోయాడు.

నిబంధన పెట్టినవాళ్ల వాదన కొట్టిపారేయలేం. ఈ మట్టిలో, ఈ ఎండలో, ఇటుకల గోల్‌పోస్టుల మధ్య ఆడి పైకొచ్చిన పిల్లాడి చోటును పైనుంచి దిగినవాడు తన్నుకుపోకూడదన్నది న్యాయమైన మాటే. ఆ సాయంత్రం మా గ్రౌండ్‌లో చెప్పుల్లేకుండా ఆడిన కుర్రాణ్ని చూసినవాళ్లెవరైనా ఆ మాటే అంటారు.

మావాడు అన్నీ విని ఒకటే అడిగాడు. "అంటే డెర్రీలో పుట్టినవాడికి రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. నాకు ఒకటి మూస్తేగానీ ఇంకోటి తెరవరు. అంతేనా?"

అంతే.

చెరకు వెంట వెళ్లినవాళ్లు

మర్నాడు పొద్దున్నే వాణ్ని బెల్లం మార్కెట్‌కి తీసుకెళ్లాను. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. వరసలు వరసలుగా పేర్చిన బెల్లం దిమ్మలు. బంగారు రంగువి, ఎర్రవి, నల్లవి. రంగును బట్టే ధర. కొనేవాళ్లు దిమ్మ మీద గోటితో గీకి, నాలికకు రాసుకుని, తలాడిస్తారు. మావాడికి ఓ వ్యాపారి చిన్న ముక్క చేతిలో పెట్టి "ఏ ఊరు బాబూ?" అనడిగాడు. వాడు ఓ క్షణం ఆగి "అమ్మమ్మగారి ఊరు ఇదే" అన్నాడు. ఆ జవాబుకి వ్యాపారి ఇంకో ముక్క పెట్టాడు.

చెరకు అంటే మనకి బెల్లం, పంచదార. కానీ ఈ తీరంలో వేలమందికి చెరకు అంటే సముద్రం. పందొమ్మిదో శతాబ్దంలో మారిషస్ చెరకు తోటల్లో కూలికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి నాలుగున్నర లక్షలమందిని ఓడల్లో తీసుకెళ్లారు. వారిలో గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బయల్దేరినవాళ్లు కాబట్టి వాళ్ల పేరే 'కోరంగివాళ్లు' అయింది. మా తాతయ్యకి అన్న ఒకాయన కూడా ఓడెక్కాడు, ఆయన మారిషస్ కాదు, రంగం. అంటే రంగూన్. వెళ్లాక ఒక్క ఉత్తరం వచ్చిందట. అంతే. ఆయన పిల్లలెవరో, ఏ భాష మాట్లాడుతున్నారో, ఏ దేశానికి జేకొడుతున్నారో మాకు తెలియదు.

మారిషస్ తెలుగువాళ్లు మాత్రం ఊరిని మరచిపోలేదు. అక్కడ ఉగాదికి దేశమంతటా సెలవు. మన నూకాలమ్మ గుడిలో కొత్త అమావాస్య జాతర హోరెత్తిన మర్నాడే సముద్రం అవతల వాళ్లు ఉగాది చేసుకుంటారు. ఇళ్లల్లో సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. సింహాచలం ఇక్కడికెంత దూరం? ఊరి పేరు చెప్పకపోయినా దేవుడి పేరే వాళ్ల చిరునామా చెబుతోంది.

ఆ దీవిలోనూ ఫుట్‌బాల్ ఉంది. అదీ ఐర్లాండ్‌లాగే వర్గాల వారీగా పంచుకున్న ఫుట్‌బాల్. హిందూ కేడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కేడెట్స్... ఇవీ క్లబ్బుల పేర్లు. తరువాత ప్రభుత్వం జోక్యంతో మతాల పేర్లు తీసేశారు. పేరు పోయినా అభిమానం అలాగే ఉండిపోయింది. 1999 మే 23న స్కౌట్స్ క్లబ్‌కీ ఫైర్ బ్రిగేడ్ జట్టుకీ మధ్య మ్యాచ్ తరువాత అల్లర్లు చెలరేగాయి. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఓ జూదశాలకు నిప్పంటిస్తే ఏడుగురు కాలిపోయారు. లీగ్‌ను ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రాంతాల వారీగా క్లబ్బులు పెట్టారు. వర్గం కాదు, ఊరే జట్టు అన్నమాట.

అలాంటి మారిషస్ నుంచి ఫ్రాన్స్‌కి వలసవెళ్లిన ఒక తెలుగు మూలాల కుటుంబంలో 1973లో ఓ అబ్బాయి పుట్టాడు. పేరు వికాష్ దొరసూ. ఆ ఇంటిపేరులో మన 'దొర' వినిపించడం లేదూ! లియోన్, ఏసీ మిలాన్, పారిస్ సెయింట్ జర్మేన్ లాంటి క్లబ్బులకు ఆడాడు. ఫ్రాన్స్ తరఫున 18 మ్యాచ్‌లు. 2006 ప్రపంచకప్‌లో జిదాన్ ఉన్న జట్టులో ఉన్నాడు.  రెండుసార్లు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, మిగతా కాలమంతా బెంచీ మీదే. ఆ బెంచీ మీది ఒంటరితనాన్ని చిన్న కెమెరాతో చిత్రీకరించాడు, దర్శకుడు ఫ్రెడ్ పూలేతో కలిసి దాన్ని సినిమాగా మలిచాడు. దాని పేరు కూడా 'సబ్‌స్టిట్యూట్' అనే అర్థం వచ్చేదే.

దొరసూ ఏ దేశంవాడు? పుట్టింది ఫ్రాన్స్. అమ్మానాన్నలది మారిషస్. పూర్వులది మన తీరం. నిబంధన ప్రకారం ఫ్రాన్స్‌కి ఆడాడు. మారిషస్ కావాలనుకుంటే అమ్మానాన్నల లెక్కన ఆ దారీ ఉండేది. భారత్‌కి మాత్రం దారి లేదు, ఓడెక్కి అప్పటికే చాలా తరాలు గడిచిపోయాయి. నిబంధనల లెక్కలో అమ్మ, నాన్న, తాత, అమ్మమ్మ దాకానే చుట్టరికం. ఆ పైవాళ్లు పురాణాల్లోకి వెళ్లిపోతారు.

"ఆయనకి తెలుగు వచ్చా?" అనడిగాడు మావాడు.

"తెలుగు వస్తేనే మనవాడా?" అన్నాను. అని, నాలుక కరుచుకున్నాను. వాడి తెలుగు అంతంతమాత్రమే మరి!

బొజ్జన్న చెప్పిన మాట

కనుమనాడు బొజ్జన్నకొండ ఎక్కాం. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం. ఒకప్పుడు బౌద్ధ భిక్షువుల సంఘారామం ఉన్న చోటు, ఆ సంఘారామమే జనం నోట శంకరమైందంటారు. బుద్ధుడేమో బొజ్జన్న అయ్యాడు! కొండను తొలిచిన గుహలు, రాతిలో మలిచిన స్తూపాలు, ధ్యానంలో ఉన్న బుద్ధుడు. పక్కనే లింగాలకొండ నిండా బారులుతీరిన చిన్నచిన్న స్తూపాలు. వాటిని చూసి లింగాలనుకున్నారు జనం. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి 1906-07 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు జరిపాడు.

కనుమ రోజున ఇక్కడ తీర్థంలా జనం చేరతారు. ఒకప్పుడు ఈరోజున ఇక్కడి బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లట. తమ ముత్తాతలు చేతులు జోడించిన చోటే మునిమనవలు రాళ్లు విసిరారు. ఎవరో పగవాళ్లు వచ్చి చేసింది కాదు. తమవాడెవరో మరచిపోయారు, అంతే. ఇప్పుడా అలవాటు పోయింది. ఈసారి మేం చూసినంతలో జనం చేతుల్లో చెరకు గడలు, సెల్‌ఫోన్లు తప్ప రాళ్లు లేవు.

మెట్ల మీద కూర్చుని చెరకు నములుతూ మావాడన్నాడు, "లెనన్ మీద అరిచినవాళ్లు కూడా ఇంతే కదా మావయ్యా!"

నాకు తోచింది ఇదే. నీది ఏ జట్టు అన్న ప్రశ్నకు ప్రపంచం కాగితం అడుగుతుంది. అడగాల్సిందే, లేకపోతే డబ్బున్న దేశం ఆటగాళ్లను కొనేసుకుంటుంది. కానీ మనిషి కదలకుండానే గీతలు కదిలిన చోట, తాతలు బతుకుతెరువు కోసం ఓడెక్కిన చోట, కాగితం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ మనిషినీ ఒక మాట అడగాలి. 1998లో ఐర్లాండ్‌వాళ్లు చేసింది అదే. అందుకు ముప్ఫై ఏళ్ల నెత్తురు ఖర్చయింది.

చివరి సాయంత్రం

మావాళ్లు మర్నాడు విమానం ఎక్కాలి. సాయంత్రం మళ్లీ అదే గ్రౌండ్. రెండు జట్లూ వచ్చాయి. తగాదా మొదటికొచ్చింది. ఇవతలివాళ్లు చొక్కా పట్టుకుని ఇటు లాగుతున్నారు, అవతలివాళ్లు అటు.

ఈసారి మావాడు వచ్చీరాని తెలుగులో జానీ కేరీ కథ చెప్పాడు. మూడురోజుల్లో రెండు ఐర్లాండ్‌లకూ ఆడినవాడి కథ. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. కథ అయ్యాక ఏటవతలి కెప్టెన్ కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "అయితే మొదటి ఆఫు మీకు, రెండో ఆఫు మాకు. గోల్సు మాత్రం మార్చుకోడానికి లేదు!"

అలాగే ఆడారు. మొదటి సగంలో మావాడు ఇవతలి జట్టుకి ఒక గోల్ కొట్టాడు. రెండో సగంలో అవతలి జట్టుకి ఒకటి. చివరికి రెండేసి గోల్స్‌తో ఆట సమమైంది. చీకటిపడేసరికి ఇటుకలు తీసి పక్కన పెట్టేశారు. బంతిని మాత్రం వాడు పెట్టెలో పెట్టుకోలేదు. అక్కడే వదిలేశాడు. అది ఏ ఒడ్డున ఉండాలన్న దాని మీద మళ్లీ చిన్న గొడవ. వారం ఇటు, వారం అటు అని తేలింది.

పెద్దవాళ్ల ఆటలో ఇలాంటి సౌకర్యం లేదు. ఇంకో మూడు నాలుగేళ్లలో వాడు ఏ తలుపు మూస్తాడో, ఏది తెరుస్తాడో, అసలు ఆ స్థాయికి వెళతాడో లేదో నాకు తెలియదు. రైలు కదిలేముందు మా అమ్మ వాడి సంచిలో బెల్లం దిమ్మ ఒకటి కుక్కింది. "కస్టమ్స్‌వాళ్లు అడుగుతారమ్మా" అని మా చెల్లెలు గొణుగుతుంటే వినిపించుకోలేదు.

"ఎవరికైనా ఆడుకో నాయనా" అంది వాడి తల నిమిరి. "ఉత్తరం మాత్రం రాయి."

రంగం వెళ్లిన పెదతాతయ్య గుర్తొచ్చి ఉంటాడు ఆవిడకి.

వారం తిరిగేసరికి అమ్మ పేరున కవరు వచ్చింది. ఢిల్లీ విమానాశ్రయంలో రాసి అక్కడే పోస్టు చేసినట్టున్నాడు. లోపల ఒకే ఒక్క వాక్యం, వంకరటింకర తెలుగు అక్షరాల్లో. "అమ్మమ్మా, బంతి ఈ వారం ఏ ఒడ్డున ఉంది?"